చీటీ లేని పెంకు

మా బంధువర్గంలో ఏ పెళ్ళికి వెళ్ళినా నాకొక ప్రశ్న తప్పదు. "మీరు చేసే ఉద్యోగమేమిటి?" విశ్వవిద్యాలయంలోని పురావస్తు సేకరణకు క్యూరేటర్‌నని చెప్పగానే అడిగినవారి కళ్ళు మెరుస్తాయి. పంచలోహ విగ్రహాలు, శాతవాహనుల నాణేలు, లంకెబిందెలు బల్ల మీద పరచుకొని కూర్చుంటానని వారి ఊహ. ఆ మెరుపు ఎంతోసేపు నిలవదు. నా అధీనంలో ఉన్నవాటిలో ముప్పాతిక మువ్వీసం కుండపెంకులేనని చెప్పవలసి వస్తుంది కదా! వరుసకు మామయ్య అయ్యే ఒక పెద్దాయన ఒకసారి తాంబూలం నములుతూ, "అయితే పెంకులకు కాపలా కాసినందుకు నీకు జీతమిస్తున్నారన్నమాట" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

మరికొద్ది నెలల్లో ఆ గది తాళంచెవులు మరొకరికి అప్పగించి ఇంటికి వచ్చేస్తాను. అంతకుముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ సహోద్యోగులకు సైతం చెప్పని సంగతి. అది అర్థం కావాలంటే ముందుగా పెంకుల గురించి కొంత చెప్పక తప్పదు. టపా పొడుగైతే మిత్రులు మన్నించాలి.

* * *

ప్రదర్శనశాల వేరు, విశ్వవిద్యాలయ సేకరణ వేరు. ప్రదర్శనశాలలో వస్తువుకూ మనిషికీ మధ్య అద్దం ఉంటుంది. మా దగ్గర ఆ అద్దం ఉండకూడదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ 1683లో తలుపులు తెరిచినప్పటి నుంచీ, మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1937లో ఆశుతోష్ మ్యూజియం నెలకొల్పినప్పటి నుంచీ, ఇటువంటి సేకరణల ప్రయోజనం చదువు చెప్పటమే. వస్తువును చేతికివ్వాలి. చేతికిస్తే అరుగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ఆ నష్టానికి ఒప్పుకొనే ఈ వృత్తిలోకి వస్తాం. ఒప్పుకొని, మళ్ళీ ఆ నష్టాన్ని వీలైనంత తగ్గించటానికి జీవితమంతా పాటుపడతాం.

ఏటా మొదటి తరగతిలో విద్యార్థులను కళ్ళు మూసుకోమని చెప్పి ఒక్కొక్కరి చేతిలో ఒక పెంకు పెడతాను. లోపలి వైపు వేలితో తడమమంటాను. సన్నని గీతలు ఒకదాని వెంట ఒకటి సమానంగా తగిలితే అది సారె మీద తిరిగిన కుండ. ఎగుడుదిగుడుగా, ఎవరో వేలితో నొక్కినట్లు గుంటలు తగిలితే చేత్తో చేసినది. నొక్కినట్లేమిటి, నొక్కినవే. నాలుగు వేల ఏళ్ళనాటి వేలిగుంటలో తన వేలు సరిగ్గా ఇమిడిందని తెలిసిన క్షణంలో ఆ పిల్లల ముఖాలు చూడాలి. నా ఉద్యోగంలో నాకు దక్కిన పంచలోహ విగ్రహాలు అవే.

తరువాత కళ్ళు తెరిపించి, బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు పాత్ర ముక్కను చూపిస్తాను. లోపలంతా నలుపు, మూతి దగ్గర నలుపు, కింది భాగం బయట ఎరుపు. రెండు రంగులు పూశారా అని అడుగుతారు. పూయలేదు. ఆవంలో కుండను బోర్లించి కాల్చి ఉంటారని ఎక్కువమంది చెప్పే వివరణ. బూడిదలో కూరుకుపోయి గాలి తగలని మేర నల్లబడింది, గాలి తగిలినంత మేర ఎర్రబడింది. మట్టిలోని ఇనుము చేసే పని అది. ఒక్క ముక్కను చూసి కుండ ఏ భంగిమలో కాలిందో చెప్పవచ్చునని తెలిశాక, ఆ పిల్లలు పెంకును చూసే చూపు మారుతుంది.

కాని పెంకు చెప్పేది అక్కడితో ఆగిపోతుంది. ఎక్కడిది, ఎంత లోతున దొరికింది, దాని పక్కన ఇంకేమున్నాయి అన్నవి అది తనంతట తాను చెప్పదు. అవి చెప్పేది చీటీ.

* * *

పల్లెటూళ్ళో పెరిగినవారికి పొరల సంగతి వివరించటం తేలిక. గడ్డివామిలో అడుగున ఉన్నది ముందు వేసిన గడ్డి, పైన ఉన్నది తరువాత వేసినది. ఊరు పాతబడిన కొద్దీ నేల కూడా అట్లాగే వాములాగా పేరుకుంటుంది. అయితే చిక్కు ఎక్కడ వస్తుందంటే, వెనుకటివాళ్ళు ధాన్యం దాచుకోవటానికి పాతరలు తవ్వేవారు. నిన్న తవ్విన పాతర నాలుగు తరాల కిందటి నేలను చీల్చుకొని దిగుతుంది. దాని అడుగున దొరికిన గింజ లోతులో ఉన్నంత మాత్రాన పాతది కాదు. పాతర నోరు ఏ పొరలో ఉందో ఆ పొర కాలానిది. ఇవన్నీ తవ్వేటప్పుడు కంటితో చూసి, గీసి, వ్రాసుకోవలసినవి. ఈ పద్ధతిని మన దేశంలో పట్టుదలగా నేర్పినవాడు 1944 నుంచి 1948 దాకా భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న మార్టిమర్ వీలర్. 1947లో ఆయన చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో జరిపిన తవ్వకమే దక్షిణాది కొత్తరాతియుగపు, బృహత్ శిలాయుగపు వరుసకు చాలాకాలం కొలబద్దగా నిలిచింది.

తవ్వకమంటే ఒక్కసారే చదవగలిగిన పుస్తకం. చదివిన ప్రతి పుటా చదువుతూండగానే చినిగిపోతుంది. మిగిలేవి మనం వ్రాసుకొన్న కాగితాలు, సంచుల్లో కట్టిన వస్తువులు, ఆ రెంటినీ కలిపి ఉంచే చీటీ. అందుకే మా పనిలో మొదటి పాఠం గుర్తులు వేయటం. పెంకును కడిగి నీడన ఆరబెట్టాలి. విరిగిన అంచు మీద కాక, లోపలి వైపు ఒక మూల, అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌తో గోరంత పట్టీ పూయాలి. అది ఆరాక దాని మీద సన్నని పాళీతో, ఇండియన్ ఇంకుతో స్థలం గుర్తు, కందకం పేరు, పొర సంఖ్య, వరుస సంఖ్య వ్రాయాలి. పైన మళ్ళీ ఒక పూత. ఎప్పుడైనా తీసివేయవలసి వస్తే అసిటోన్‌తో తుడిస్తే వస్తుంది, పెంకుకు హాని లేదు. రోజుకు నూరు వ్రాస్తే మెడ పట్టేస్తుంది. ఇందులో ప్రతిభ ఏమీ అవసరం లేదు, ఓపిక ఒక్కటే కావాలి.

ఈ ఓపిక ఎంత విలువైనదో రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితం చూస్తే తెలుస్తుంది. భూగర్భ సర్వే ఉద్యోగి ఆయన. 1863 మే 30న మద్రాసు దగ్గరి పల్లవరంలో ఒక రాతి పనిముట్టును గుర్తుపట్టి, మన దేశపు ప్రాచీన శిలాయుగ అధ్యయనానికి నాంది పలికాడు. బళ్ళారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాలలో దశాబ్దాల పాటు తిరిగి ఏరినవన్నీ చివరకు మద్రాసు మ్యూజియానికి చేరాయి. 1912లో ఆయన మరణించాక 1914లోనూ 1916లోనూ ఆ సేకరణ జాబితా, దాని వివరణ రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. ఆయన చెప్పిన సిద్ధాంతాలలో కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. జాబితా మాత్రం నేటికీ పనికి వస్తూనే ఉంది. ఏ రాయి ఏ ఊళ్ళో దొరికిందో అందులో ఉంది మరి!

* * *

ఇక నా సంగతి.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా గదిలో ఒక బూడిద దిబ్బ తవ్వకపు వస్తువులున్నాయి. 1970ల మొదట్లో మా శాఖవారే రాయలసీమలో తవ్వినది. ఊరి పేరు ఇక్కడ చెప్పను. బూడిద దిబ్బలంటే తెలియనివారికి రెండు మాటలు. కృష్ణా తుంగభద్రల మధ్య ప్రాంతంలోనూ ఆ చుట్టుపక్కలా బూడిదతో, చిట్టెంతో ఏర్పడిన పెద్ద పెద్ద దిబ్బలున్నాయి. జనం వాటిని రాక్షసుల చితాభస్మమనీ, హంపీ దగ్గరి నింబాపురంలోనిది వాలిని దహనం చేసిన చోటనీ చెప్పుకొంటారు. అవి కాలిన పేడ కుప్పలని ఫుట్ పందొమ్మిదవ శతాబ్దంలోనే అన్నాడు. 1957లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్విన ఎఫ్. ఆర్. ఆల్చిన్, అక్కడ కంచె గుంజల గుంటలనూ పశువుల గిట్టల జాడలనూ చూపి, ఇవి కొత్తరాతియుగపు పశుపాలకుల మందదొడ్లనీ, పేరుకొన్న పేడను మళ్ళీ మళ్ళీ కాల్చినందువల్ల దిబ్బలయ్యాయనీ స్పష్టం చేశాడు. ఎందుకు కాల్చారన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

మా తవ్వకం జరిపిన ఆచార్యుడు రెండు ట్రేల పెంకులకు మాత్రమే ఇంకుతో గుర్తులు వేయగలిగారు. తక్కినవి పన్నెండు ట్రేలు. గుడ్డసంచుల్లో, సంచికొక చీటీతో, తమ వంతు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. ఆయన పదవీ విరమణ చేశారు, కాలం చేశారు. నేను చేరగానే చేయవలసిన పని అదే. చేయలేదు. పరిశోధన వ్యాసాలు, సదస్సులు, పెళ్ళి. రేపు, ఎల్లుండి అనుకొంటూ ఉండగానే రెండేళ్ళు గడిచాయి.

మూడవ ఏట వానాకాలంలో గది కప్పు కారింది. సెలవుల తరువాత తలుపు తీసేసరికి గోడ వారగా చెదల బాటలు అరల దాకా పాకి ఉన్నాయి. సంచులు తడిసి ముద్దయ్యాయి. కొన్నింటిని చెదలు పూర్తిగా తినేశాయి. కొన్నింటిలో చీటీ మీది వ్రాత కరిగి నీలిమరకగా మిగిలింది. కాని అన్నీ అట్లా లేవు. సగానికి సగం సంచుల్లో చీటీ తడిసి ఉన్నా చదవగలిగేటట్లే ఉంది. ఈ మాట ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు.

ఆ రోజు నాకు ఆత్రం. సాయంత్రం లోపల అన్నీ ఆరబెట్టకపోతే బూజు పడుతుందన్న భయం. ఒక్కొక్క సంచినీ విడివిడిగా పరచి, పక్కన దాని చీటీ పెట్టి, రాయి బరువుంచి ఆరబెట్టాలి. నాకు తెలుసు. విద్యార్థులకు నేనే చెప్పేవాణ్ణి. వరండాలో స్థలం చాలలేదు. ఇద్దరు సహాయకులు సంచి పట్టుకొని "ఎక్కడ పొయ్యమంటారు సార్" అని అడిగారు. "ఎక్కడో ఒకచోట పొయ్యండి, తరువాత చూసుకొందాం" అన్నాను. వాళ్ళు టార్పాలిన్ మీద పోశారు. ఒక సంచి మీద ఒక సంచి. చీటీలు గాలికి ఎగిరి గచ్చు మీద అతుక్కొన్నాయి. నేను వెనుదిరిగి చూసేసరికి పన్నెండు ట్రేల పెంకులూ ఒకే కుప్పగా ఎండలో మెరుస్తున్నాయి. ముప్ఫై ఏళ్ళ కిందట వేరు చేసిన పొరలు ఒక్క గంటలో మళ్ళీ కలిసిపోయాయి.

రిజిస్టరులో ఆ వేళ నేను వ్రాసిన వాక్యం నాకు కంఠతా వచ్చు. "వర్షపు నీటివల్ల, చెదలవల్ల 12 ట్రేల వస్తువుల చీటీలు నశించాయి." కింద సంతకం. ఎవరూ ప్రశ్నించలేదు. చెదలకు వాంగ్మూలమిచ్చే నోరు లేదు.

* * *

తప్పు దానంతట అది పెద్దదిగా కనిపించదు. దాని ముందు ఎవరో వచ్చి నిలబడినప్పుడు దాని పొడవెంతో తెలుస్తుంది.

చాలా ఏళ్ళ తరువాత వేరే ఊరి నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. ఈలోగా మా రంగంలో ఎన్నో మార్పులు వచ్చాయి. తవ్విన మట్టిని నీళ్ళలో వేసి తేలిన బొగ్గుగింజలను పట్టటం, కుండగోడలో ఇంకిన కొవ్వును పరీక్షించటం వంటి పద్ధతులు స్థిరపడ్డాయి. డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ ప్రభృతులు 2004లో వెలువరించిన ఫలితాల వల్ల, దక్షిణాది కొత్తరాతియుగపు రైతులు అండుకొర్రలు, ఒక రకం అడవికొర్రలు, ఉలవలు, పెసలు పండించుకొన్నారని తెలిసింది. మన ఉలవచారుకు నాలుగు వేల ఏళ్ళ వంశవృక్షం ఉందన్నమాట! ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. మందదొడ్డిలో వాడిన కుండలకూ, ఇళ్ళలో వాడిన కుండలకూ తేడా ఉందా? దొడ్డిలోవి పాల కుండలా? మా దిబ్బలో రెండు చోట్లా తవ్వారు. ఒక కందకం బూడిదలో, మరొకటి పక్కనున్న నివాసస్థలంలో. ఇంతకంటే అనువైన సేకరణ ఆమెకు దొరకదు.

"ఇవి ఏ కందకంలోవి సార్?" అంది.

"చీటీలు పోయాయమ్మా. చెదలు" అన్నాను.

ఆమె తల ఊపి, పెంకును జాగ్రత్తగా ట్రేలో పెట్టి, గుర్తులున్న రెండు ట్రేలలోంచి కొన్నింటిని పరిశీలించి వెళ్ళిపోయింది. ఆ రెండు ట్రేలు ఆమె ప్రశ్నకు చాలవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆల్చిన్‌కు తెలియని పద్ధతులు ఈ అమ్మాయికి తెలుసు. ఈ అమ్మాయికి తెలియనివి రేపు మరొకరికి తెలుస్తాయి. మేము దాచవలసింది పెంకులను కాదు, ఇంకా ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులను. నేను అటువంటి ఒక జవాబును టార్పాలిన్ మీద పోయించాను.

ఇది చాలదన్నట్లు, మరి కొన్నేళ్ళకు గదుల కొరత వచ్చింది. మా గదిలో సగం వేరే అవసరానికి ఇవ్వాలన్నారు. ఒక కమిటీ వచ్చి అరలన్నీ చూసి, "ఆధారాలు లేని వస్తువుల జాబితా ఇవ్వండి, వాటిని తొలగిద్దాం" అంది. వారి కోణంలో అది తప్పు కాదు. చోటు లేని ఇంట్లో ముందు పోయేవి పగిలిన పాత్రలే. జాబితాలో మొదటి వరుసలో ఆ పన్నెండు ట్రేలు వ్రాసి, సంతకం చేయకుండా కాగితం సొరుగులో పెట్టాను.

* * *

ఆ కాగితం సొరుగులో ఉన్న రోజుల్లోనే, కొత్తగా ఎమ్మేలో చేరిన ఒక అమ్మాయి ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వచ్చింది. అరవై దాటి ఉంటాయి. తెల్లపంచె, భుజాన తుండు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. "మా అబ్బ సార్. మీ గది చూస్తానంటే తీసుకొచ్చినా" అంది ఆ పిల్ల. వాళ్ళ వైపు తాతను అబ్బ అంటారు. ఏ ఊరని అడిగాను. ఆమె చెప్పిన ఊరు విని నేను కుర్చీలోంచి లేచాను.

"ఆ పొద్దు నేను గంపలు మోసినా సామీ. పన్నెండేండ్ల పిల్లోణ్ణి" అన్నాడాయన. "తవ్వేది పెద్దోళ్ళు. మోసేది, కడిగేది మేము."

"దిబ్బ ఇప్పుడెట్లా ఉంది?" అన్నాను. నేను చివరిసారి వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది.

"దిబ్బ యాడుండాది సామీ? బూడిద సేన్లకు మంచి ఎరువని బండ్లకెత్తి తోలుకుంటిమి. మిగిలింది ట్రాక్టర్లకు పాయ. ఇప్పుడు ఆడ సెనక్కాయ సేను." కాసేపు ఆగి నవ్వాడు. "అది రాచ్చసుల బూడిదని మా అవ్వ చెప్తాండె. మీ సారేమో ఆవుల పేడ అనె. ఏదైతేనేం, పంట బాగా వచ్చె."

దిబ్బ లేదు. అంటే ఆ ఊరి నాలుగు వేల ఏళ్ళలో మిగిలినదంతా మా గదిలో ఉన్నదే. అందులోనూ పెద్ద భాగం సొరుగులోని కాగితం మీద ఉంది.

చూస్తానంటే ట్రేలు తీయించాను. ఆయన తుండుతో చేతులు తుడుచుకొని ఒక పెంకు తీశాడు. తిప్పి చూశాడు. ఇంకొకటి తీశాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే ఒకటి ఇటు, ఒకటి అటు పెట్టసాగాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"ఇవి బూడిద గుంతవి, ఇవి ఇండ్ల కాడివి. మీరు కలిపేసినారే?"

నా నోట మాట రాలేదు. ఎట్లా తెలుసని అడిగింది మనుమరాలు.

"నేను కడిగినవే కదమ్మా. బూడిద గుంతవి ఎంత తోమినా సందుల్లో తెల్లంగనే ఉంటాండె. కొబ్బరిపీచుతో తోమీ తోమీ యేళ్ళు పగిలిపాయ. గట్టిగా తోమొద్దురా, గీతలు పోతాయని సారు అరిసె. ఇండ్ల కాడివైతే ఎర్రమట్టి. నీళ్ళల్లో యేస్తానే పోతాండె."

ఇరవై ఏళ్ళకు పైగా ఆ పెంకులు నా కళ్ళ ముందున్నాయి. పెంకు మొత్తం చరిత్ర చెబుతుందని పాఠాలు చెప్పే నేను, దాని పగుళ్ళలో అంటుకొన్న తెల్లని పొరను మురికి అనుకొన్నాను.

* * *

ఆయన మాటను ఆయన మాట మీదనే నమ్మలేదు. నమ్మకూడదు కూడా. ఆచార్యుడు గుర్తులు వేసిన రెండు ట్రేలు ఉన్నాయి కదా. గుర్తులు కనబడకుండా పెంకులను బోర్లించి, మనుమరాలి చేత, మరి నలుగురు విద్యార్థుల చేత వాటిని తెల్లపొర, ఎర్రమట్టి అని విడదీయించాను. తరువాత తిప్పి చూశాం. కొన్ని తప్పాయి. ఎక్కువ భాగం ఒప్పాయి. తెల్లపొరను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పేడలోని గడ్డి మిగిల్చే సన్నని సిలికా కణాలు కనిపించాయి. ఆ రెండు ఆధారాలూ కలిశాకే మిగిలిన పన్నెండు ట్రేలకు పూనుకొన్నాం.

నాలుగు నెలలు పట్టింది. ఐదు ట్రేల పెంకులు ఏ కందకానివో నిర్ణయించగలిగాం. ఏ పొరవో చెప్పలేం. అది ఇక ఎవరూ చెప్పలేరు. ఏడు ట్రేలు ఎటూ తేలలేదు. అనుమానం ఉన్న ప్రతి పెంకునూ వాటిలోనే వేశాం. ఊహించి వ్రాసిన చీటీ, చీటీ లేకపోవటం కంటే ప్రమాదం. తేలిన ఐదింటి చీటీల మీద ఇంకుతో కాక పెన్సిలుతో కందకం పేరు వ్రాసి, పక్కన ఈ నిర్ణయానికి ఆధారమేమిటో, అది తవ్వకం నాటి కూలివాని సాక్ష్యంతో ఎట్లా మొదలయిందో, ఆ సాక్ష్యాన్ని ఎట్లా పరీక్షించామో వ్రాయించాను. తవ్వకం నివేదికలలో కూలీల సంఖ్య కనిపిస్తుంది గాని వాళ్ళకు తెలిసినది కనిపించదు. మా చీటీలలో అయినా కనిపించనీ అనుకొన్నాను.

ఆ తరువాత చేయవలసిన పని ఒకటి మిగిలింది. రిజిస్టరు తీశాను. మా వృత్తిలో కొట్టివేత ఉండకూడదు. పాత వాక్యం చదవగలిగేటట్లుగా దాని మీద ఒక్క గీత మాత్రమే గీయాలి. చెదల వాక్యం మీద గీత గీసి, కింద ఇట్లా వ్రాశాను. "పై నమోదు సరికాదు. సుమారు సగం సంచుల చీటీలు చదవదగిన స్థితిలో ఉన్నాయి. ఆరబెట్టేటప్పుడు సంచులను కలిపి పోయించినది నేను." సంతకం చేసి తేదీ వేశాను. శాఖాధిపతికి చూపించాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "ఇన్నేళ్ళ తరువాత ఇది అవసరమా?" అన్నారు. అవసరమేనన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

సొరుగులోని జాబితాకు బదులు కమిటీకి మరొక కాగితం ఇచ్చాను. ఆ ఊళ్ళో దిబ్బ లేదని, మిగిలినది ఇదేనని వ్రాశాను. ఎటూ తేలని ఏడు ట్రేలనూ బోధన కోసం ఉంచాలని కోరాను. వాదోపవాదాలు జరిగాయి. సగం గది పోయింది. ట్రేలు పోలేదు. అరలను పైకప్పు దాకా కట్టించి, పై వరుసకు నిచ్చెన వేయించాం. ఈ వయసులో నిచ్చెన ఎక్కటమే నాకు పడిన శిక్ష అని విద్యార్థులతో అంటూ ఉంటాను. ఎందుకో వాళ్ళకు తెలుసు. మొదటి తరగతిలోనే చెబుతాను. కళ్ళు మూసుకొన్నప్పుడు వాళ్ళ చేతిలో పెట్టే పెంకులు ఆ ఏడు ట్రేలలోవే. పగిలినా పోయేదేమీ లేదు కనుక నిర్భయంగా పట్టుకోమంటాను. తరువాత, పోయేదేమీ లేకుండా చేసింది ఎవరో చెబుతాను.

ఆ పెద్దాయన వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడిగాడు. "వీటి మింద మా ఊరి పేరు రాసినారా సామీ?"

పెంకుల మీద ఊరి పేరు ఉండదు. మూడక్షరాల గుర్తు ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. రిజిస్టరు తెచ్చి, మొదటి పుట తీసి, ఊరి పేరున్న చోట వేలు పెట్టి చూపించాను. మనుమరాలు చదివి వినిపించింది. ఆయన ఇంకోసారి చదవమన్నాడు.

ఆ వారమే ట్రేలన్నింటికీ కొత్త చీటీలు వ్రాయించాం. ఒకటి లోపల, ఒకటి బయట. పైన తెలుగులో ఊరి పేరు.